మీ గోడ మీది మాట, మీ రాత్రి డ్యూటీ

తెలుగు రాష్ట్రాల్లోని ప్రసూతి ఆసుపత్రుల యాజమాన్యాలకు, అక్కడ పనిచేసే స్త్రీల వైద్యులకు, పిల్లల వైద్యులకు ఒక అమ్మమ్మ రాస్తున్న బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఆగస్టు మొదటి వారం వచ్చిందంటే మీ ఆసుపత్రుల గోడలకు కొత్త పోస్టర్లు వస్తాయి. తల్లిపాల వారోత్సవాలు కదా. ఎర్ర అంచు చీర కట్టుకున్న తల్లి, ఒళ్లో పాలు తాగే బిడ్డ, కింద పెద్ద అక్షరాల్లో ఒక నినాదం. మా మనవరాలు పుట్టిన ఆసుపత్రిలో మూడో అంతస్తు లిఫ్టు పక్కన ఉన్న పోస్టరు మీద, "తల్లిపాలు తాగిన బిడ్డకు ఊబకాయం రాదు, పెద్దయ్యాక షుగరు రాదు" అని ఉండేది. ఆ పోస్టరుకు సరిగ్గా ఎదురుగా ఉన్న గదిలో, పుట్టిన రెండో రాత్రి, మా మనవరాలికి డబ్బా పాలు పట్టించారు.

గోడకూ గదికీ నడుమ ఆరడుగుల వరండా. ఈ ఉత్తరం దాని గురించే. ఆ ఆసుపత్రి పేరు రాయను. రాస్తే మిగతావాళ్లంతా "మాది కాదులే" అని పక్కన పెట్టేస్తారు.

నేను డాక్టరును కాను. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్ఫై రెండేళ్లు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. రెండు సంగతులు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని పదో తరగతి పిల్లలకు ఏటా చెప్పేదాన్ని. కోడి కూసిందని తెల్లవారదు అంటే నవ్వేవాళ్లు. ఆ పాఠం మా ఇంట్లోనే అవసరం పడుతుందని అనుకోలేదు.

మా అమ్మాయికి సిజేరియన్ సాయంత్రం నాలుగు గంటలకు అయింది. బిడ్డ 2.9 కిలోలు. కెవ్వుమని ఏడ్చింది, ఎర్రగా ఉంది, ఏ ఇబ్బందీ లేదన్నారు. గుడ్డలో చుట్టి ఒకసారి మాకు చూపించి, పరిశీలనలో ఉంచాలంటూ నర్సరీకి తీసుకెళ్లారు. తల్లి పక్కకు చేర్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. వెన్నులో మత్తు ఇచ్చి చేసే ఆపరేషన్‌లో తల్లి మెలకువగానే ఉంటుందన్నది మీకు నేను చెప్పాలా? పుట్టిన మొదటి గంటలో బిడ్డ కళ్లు విప్పి చూస్తుంది, తల్లి గుండెల మీద పడుకోబెడితే వాసన పట్టి రొమ్ము వెతుక్కుంటుంది. ఆ గంట దాటాక చాలామంది పిల్లలు మగతగా నిద్రలోకి జారుకుంటారు. మా పాప ఆ గంటను నర్సరీలో గాజు తొట్టెలో గడిపింది.

రెండో రాత్రి రెండు గంటలప్పుడు పాప గుక్కపట్టి ఏడ్చింది. మా అమ్మాయికి కుట్లు లాగుతున్నాయి, పక్కకు ఒత్తిగిలడమే గగనంగా ఉంది. బెల్లు నొక్కాం. ఇరవై నిమిషాలకు సిస్టర్ వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయేమో. కళ్లు ఎర్రగా ఉన్నాయి. రొమ్ము వైపు ఒకసారి చూసి, "పాలు ఇంకా పడలేదమ్మా. డబ్బా పాలు పట్టిద్దాం, లేకపోతే పాపకు షుగరు పడిపోతుంది" అంది. ఆ మాట విన్నాక ఏ తల్లి కాదంటుంది? ముప్ఫై మిల్లీలీటర్లు సీసాలో కలిపి తెచ్చింది. పాప గటగటా తాగేసి నిద్రపోయింది. "చూశారా, ఆకలికే ఏడ్చింది" అని సిస్టర్ వెళ్లిపోయింది. మా అమ్మాయి గోడ వైపు తిరిగి పడుకుంది.

తెల్లవారుజామున నేను మెల్లగా పిండి చూశాను. చిక్కగా, పసుపుపచ్చని చుక్క. ముర్రుపాలు. ఉన్నాయి. మొదటి రోజుల్లో వచ్చేవి కొన్ని చెంచాలే. ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకు కావలసినవీ అన్నే. పాలు పొంగి రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది, ఈలోగా బిడ్డ బరువు కాస్త తగ్గి మళ్లీ పుంజుకోవడం మామూలే. బిడ్డ చీకే కొద్దీ పాలు పడతాయి, చీకకపోతే పడవు. ఇదంతా నాకు తెలుసు. రాత్రి సిస్టర్ ముందు మాత్రం నోరు పెగల్లేదు. తెల్ల కోటు, నీలం గౌను చూస్తే మాకు నోరు పడిపోతుంది. ఆ తప్పు నాది.

ఆ సిస్టర్‌ది తప్పని నేను అనను. పొద్దున వెళ్లేముందు ఆమే చెప్పింది, ఆ రాత్రి పద్నాలుగు గదులకు ఆమె ఒక్కతేనట. బిడ్డ నోరు పూర్తిగా తెరుచుకునేదాకా ఆగి, చనుమొన ఒక్కటే కాక చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా నోట్లోకి వెళ్లేలా పట్టించాలంటే, కుట్లున్న తల్లిని పక్కకు తిప్పి, వీపు వెనక దిండు పెట్టి, దగ్గర కూర్చుని చూపించాలంటే ముప్పావు గంట కావాలి. సీసాకు ఐదు నిమిషాలు చాలు.

డిశ్చార్జి చీటీలో ఐరన్ మాత్రల కింద పాలపొడి పేరు ఉంది, కంపెనీ పేరుతో సహా. పక్కన "అవసరమైతే" అని. ఇంటికి వెళ్లాక అవసరం పడింది. పడకుండా ఎలా ఉంటుంది? సీసా పీకకు అలవాటైన బిడ్డ రొమ్ము దగ్గర విసుక్కుంది. పట్టకపోయేసరికి పాలు తగ్గాయి. తగ్గేసరికి డబ్బా పెరిగింది. రెండు నెలలు నిండేసరికి మా అమ్మాయికి పాలు పూర్తిగా ఆగిపోయాయి. 1992లో వచ్చిన పాల ప్రత్యామ్నాయాల చట్టం ఈ పొడుల ప్రచారాన్ని, ఉచిత శాంపిళ్లను, వైద్య సిబ్బందికి కానుకలను, ఆసుపత్రుల ద్వారా అమ్మకం పెంచుకోవడాన్ని నిషేధించింది. 2003 సవరణ రెండేళ్లలోపు పిల్లల ఆహారాలన్నిటికీ ఆ కట్టుబాట్లు విస్తరించింది. మందుల చీటీలో కంపెనీ పేరు రాయడం ఆ చట్టం కిందికి వస్తుందా రాదా అని లాయర్లు వాదించుకోవచ్చు. చీటీ చూసిన తల్లికి మాత్రం అది డాక్టరు గారి మాట.

ఇక్కడితో అయిపోయి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. మన ఇళ్లలో ఇలాంటివి ఎన్ని మింగలేదు.

పాపకు ఆరు నెలలకు తొమ్మిది కిలోలు. టీకాలకు వెళ్లిన ప్రతిసారీ తూకం చూసి మెచ్చుకున్నారు. చుట్టాలు "పాలుగారే బుగ్గలు" అన్నారు. నేను దిష్టి తీశాను, అరికాలికి చుక్క పెట్టాను. బొద్దుగా ఉంటేనే ఆరోగ్యం అనుకునే ఇళ్లు మావి. నాలుగున్నరేళ్లు వచ్చేసరికి 22 కిలోలయింది. దగ్గుకని ఒక పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన తూకం వైపు, తల్లి వైపు చూసి అడిగారు: "ఎన్నాళ్లు పాలిచ్చారమ్మా?"

"రెండు నెలలు సార్."

"ఊఁ."

అంతే. ఇంకేమీ అనలేదు. బయటికి వచ్చాక మా అమ్మాయి స్కూటరు తాళం చెవి చేతిలో పట్టుకుని, బండి తీయకుండా నిలబడిపోయింది. "అమ్మా, ఆ రాత్రి నేను ఇంకొంచెం ఓర్చుకుని ఉంటే పాప ఇలా ఉండేది కాదు కదా" అంది. నాలుగున్నరేళ్లుగా లిఫ్టు పక్కన చూసిన ఆ పోస్టరు ఆ పిల్ల మనసులో ఉండిపోయింది.

అప్పుడు కూర్చుని చదవడం మొదలుపెట్టాను. చదివినవి మీకు తెలియనివి కావు, మీరూ చదివే ఉంటారు. అందుకే అడుగుతున్నాను.

2016లో లాన్సెట్ అనే వైద్య పత్రిక తల్లిపాల మీద ఒక పెద్ద వ్యాసాల పరంపర వేసింది. అంతకుముందు వచ్చిన వందకు పైగా పరిశీలనలను కలిపి చూస్తే, ఎక్కువ కాలం తల్లిపాలు తాగిన పిల్లల్లో అధిక బరువు 26 శాతం తక్కువ అని తేలింది. వాటిలో పకడ్బందీగా చేసిన వాటిని మాత్రమే ఏరి చూస్తే ఆ తేడా 13 శాతానికి దిగింది. ఒకసారి జల్లెడ పడితేనే సగమైంది. ఇంకా సన్నటి జల్లెడ పడితే ఎంత మిగులుతుంది?

ఆ సన్నటి జల్లెడ బెలారస్‌లో పట్టారు. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ క్రేమర్ బృందం 1996–97లో అక్కడి 31 ప్రసూతి ఆసుపత్రులను, వాటి అనుబంధ క్లినిక్‌లను తీసుకుంది. నువ్వు పాలివ్వు, నువ్వు ఇవ్వకు అని తల్లులకు చీట్లు వేయలేరు, అది పాపం. అందుకని ఆసుపత్రులకు చీట్లు వేశారు. సగం ఆసుపత్రుల్లో డాక్టర్లకు, నర్సులకు, మంత్రసానులకు తల్లిచేత పాలు ఎలా పట్టించాలో శిక్షణ ఇచ్చారు. మిగతా సగంలో మామూలుగా జరిగేదే జరిగింది. మొత్తం 17,046 మంది తల్లీబిడ్డలు. అందరూ పాలివ్వడం మొదలుపెట్టినవాళ్లే. ఎంతకాలం, ఎంత పూర్తిగా ఇచ్చారన్నదే తేడా.

మూడు నెలలకు తల్లిపాలు తప్ప వేరే ఏదీ పట్టని తల్లులు శిక్షణ ఇచ్చిన ఆసుపత్రుల వైపు 43 శాతం, మిగతావైపు 6 శాతం. మొదటి ఏడాదిలో విరేచనాల జబ్బు 13 శాతం నుంచి 9 శాతానికి తగ్గింది. చర్మం మీద గజ్జిలా వచ్చే ఎగ్జిమా సగమైంది. ఆ పిల్లలను వదలకుండా ఆరున్నరేళ్లకు, పదకొండున్నరేళ్లకు, పదహారేళ్లకు మళ్లీ మళ్లీ పిలిచి తూచారు. దాదాపు 14 వేల మంది వచ్చారు. బరువులో, ఒంటి కొవ్వులో తల్లిపాల వల్ల మేలు ఏమీ కనిపించలేదు. పదహారేళ్లప్పుడు శిక్షణ వైపు పిల్లల్లోనే అధిక బరువు కొంచెం ఎక్కువగా కూడా కనిపించింది.

అసలు తల్లిపాలే తాగని పిల్లలతో పోల్చలేదు కదా అని మీరంటారు. నిజమే. బెలారస్ మన దేశం కాదు కదా అంటారు. అదీ నిజమే. అయితే ఇంకొకటి చూడండి. బ్రిటన్‌లో చదువు, డబ్బు ఉన్న తల్లులు ఎక్కువ కాలం పాలిస్తారు. బ్రెజిల్‌లోని పెలోటాస్ నగరంలో అలాంటి తేడా పెద్దగా లేదు. ఈ రెండుచోట్ల పిల్లలను పక్కపక్కన పెట్టి 2011లో ఒక బృందం చూసింది. తల్లిపాలకూ తక్కువ బరువుకూ సంబంధం బ్రిటన్‌లో కనిపించింది, పెలోటాస్‌లో కనిపించలేదు. తెలివితేటల విషయంలో మాత్రం మేలు రెండుచోట్లా కనిపించింది. అంటే బ్రిటన్‌లో సన్నబడిన పిల్లల వెనక తల్లిపాలతో పాటు తోటలున్న ఇల్లు, తీరిక ఉన్న అమ్మ, కొనగలిగిన పళ్లు కూడా ఉన్నాయన్నమాట. మన దగ్గర ఈ లెక్క తలకిందులు. కూలికి వెళ్లే తల్లి రెండేళ్లు పాలిస్తుంది, పిల్లవాడు బక్కగా ఉంటాడు. వాడు సన్నగా ఉన్నది పాల వల్లా, పేదరికం వల్లా?

మా ఇంటి సంగతీ చెప్పేస్తాను. మా పెద్దవాడికి నేను ఇరవై రోజులే పాలిచ్చాను. రొమ్ముకు గడ్డ లేచి, చీము పట్టి, కోయించుకోవలసి వచ్చింది. గేదె పాలలో నీళ్లు కలిపి పోతపాలతో పెంచాం. వాడు ఇప్పటికీ మునక్కాడలా ఉంటాడు. మా అమ్మాయి రెండున్నరేళ్లు నా పాలు తాగింది, స్కూలు నుంచి వచ్చేసరికి గుమ్మంలోనే కొంగు పట్టుకునేది. ఒళ్లు వచ్చింది దానికే. ఇద్దరితో లెక్క తేలదని నాకు తెలుసు, సైన్సు టీచర్ని. అయినా మీ పోస్టరు చదివినప్పుడల్లా మా ఇద్దరు పిల్లలూ దానికి చెరో వైపు నిలబడి నవ్వుతున్నట్లు ఉంటుంది.

నేను తల్లిపాలకు వ్యతిరేకంగా రాస్తున్నానని ఎవరైనా ఈ ఉత్తరాన్ని కత్తిరించి వాడుకుంటారేమో. ముఖ్యంగా డబ్బాల కంపెనీలవాళ్లు. కాబట్టి గట్టిగా చెబుతున్నాను. బిడ్డకు విరేచనాలు, ఊపిరితిత్తుల జబ్బులు తగ్గించడంలో తల్లిపాలకు సాటి వచ్చేది ఇంకా ఎవరూ తయారు చేయలేదు. ప్రపంచమంతటా సరిగా పాలిచ్చే వీలుంటే ఏటా 8 లక్షలకు పైగా పసిపిల్లల ప్రాణాలు దక్కుతాయని అదే లాన్సెట్ లెక్క కట్టింది. తల్లికీ మేలే. 30 దేశాల్లో జరిగిన 47 పరిశోధనలను కలిపి 2002లో చూస్తే, పాలిచ్చిన ప్రతి పన్నెండు నెలలకూ రొమ్ము క్యాన్సర్ ముప్పు నాలుగు శాతం పైచిలుకు తగ్గింది. ఇవి చాలవా? ఇంత బలమైన నిజాలు చేతిలో ఉండగా, నిలబడని మాటను పెద్ద అక్షరాల్లో ఎందుకు రాయించారు?

రాయించడం వల్ల నష్టమేమిటంటారా? మా అమ్మాయి స్కూటరు దగ్గర నిలబడిపోవడం ఒక నష్టం. రెండోది ఇంకా పెద్దది. పాలిచ్చేశాం, ఇక బిడ్డకు ఒళ్లు రాదని ధైర్యపడిన తల్లులు ఆరో నెల తర్వాత కంచంలో ఏం పెడుతున్నారో ఎవరూ అడగరు.

బరువు గురించి మాట్లాడాలనుకుంటే మాట్లాడండి, దానికీ సరుకు ఉంది. తల్లిపాలలో వంద మిల్లీలీటర్లకు మాంసకృత్తులు సుమారు ఒక గ్రాము. గేదె పాలలో సుమారు నాలుగు. మ్యూనిక్‌కు చెందిన బెర్తోల్డ్ కొలెట్జ్‌కో బృందం ఐదు యూరప్ దేశాల్లో డబ్బా పాలు తాగే వెయ్యి మందికి పైగా పసిపిల్లలకు చీట్లు వేసి, సగం మందికి మాంసకృత్తులు ఎక్కువున్న పొడి, సగం మందికి తక్కువున్న పొడి పట్టించింది. ఆరేళ్లకు చూస్తే ఎక్కువ తాగిన వైపు ఊబకాయం ముప్పు రెండు రెట్లు దాటింది. ఇది చీట్లు వేసి తేల్చిన మాట, పక్కపక్కన కనబడితే అనేసుకున్నది కాదు. డబ్బా తప్పని ఇంట్లో ఏ డబ్బా, ఏ కొలతలో కలపాలి, ఎన్నిసార్లు అన్నది కూర్చుని చెప్పడానికి ఇంతకంటే కారణం కావాలా? మాకు ఎవరూ చెప్పలేదు. సీసాలో మిగిలిందల్లా పాపచేత తాగించేవాళ్లం. డబ్బు పోసి కొన్న పాలు పారబోస్తామా? రొమ్ము దగ్గర చాలనిపిస్తే బిడ్డ తల తిప్పేస్తుంది. సీసా దగ్గర తల తిప్పితే "ఇంకొంచెమే బంగారం" అని మళ్లీ పెడతాం. ఆ ఇంకొంచెం పెట్టింది ఎవరో కాదు, నేనే.

మన పిల్లల విషయంలో ఇది మరీ జాగ్రత్తగా చూడవలసింది. పుణెలోని కె.ఇ.ఎం. ఆసుపత్రికి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ అక్కడి పల్లెల్లో పుట్టిన పిల్లలను ఇంగ్లండులోని సౌతాంప్టన్ పిల్లలతో పోల్చారు. వాళ్లు మూడున్నర కిలోలు, మనవాళ్లు 2.7. కండ తక్కువ, పొట్ట తక్కువ, అన్నీ తక్కువే. చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. చూడటానికి బక్కగా, లోపల కొవ్వుగా పుట్టే పిల్లలు మనవాళ్లు. అలాంటి బిడ్డను "చిన్నగా పుట్టింది, త్వరగా పెంచేద్దాం" అని కుక్కికుక్కి తాగిస్తే పెరిగేది ఏమిటి? ఆరు నెలలకు తొమ్మిది కిలోలని మా పాపను మెచ్చుకున్నవారిలో ఒక్కరైనా తూకం గుర్తుపెట్టే కాగితం మీది గీత పైకి ఎగబాకుతోందని చెప్పి ఉంటే బాగుండేది. పెరగకపోతే గాభరా పడే చూపు పెరిగినప్పుడు కూడా ఉండాలి కదా. దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువు ఉన్నవారు నాలుగో కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 2.1 శాతం, ఐదో సర్వే నాటికి 3.4 శాతం. చిన్న సంఖ్యే. కానీ అదే ఐదో సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోని 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో అధిక బరువు ఉన్నవారు నూటికి 36 మంది. ఆ చిన్న సంఖ్య ఎటు పోతోందో దీన్ని బట్టే తెలుస్తుంది.

అలాగని మా కాలమే బంగారం అనను. మా అత్తగారు ముర్రుపాలు "చీము పాలు" అని పిండి పారబోయించారు. పుట్టిన గంటకు తేనె నాకించారు, మూడో రోజు వసకొమ్ము అరగదీసి నాలుక మీద రాశారు. అన్నప్రాశన మాత్రం ఆరో నెలలోనే చేశారు. ఆ ఒక్కటీ ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాటతో కుదిరింది. తర్వాత పెట్టే ఉగ్గులో పంచదార వేయకుండా ఉండాలని అప్పుడు ఎవరికీ తెలియదు. ఇప్పుడు అందరికీ తెలుసు, డబ్బాలో వచ్చే ఉగ్గు వెనక చిన్న అక్షరాల్లో పంచదార ఎంతో చదివేవాళ్లు మాత్రం లేరు.

సరే, మీ నుంచి ఏం కోరుతున్నాను? బెలారస్ దగ్గరికే మళ్లీ వస్తాను. ఆ పరిశోధన మీ పోస్టరు మీది మాటను నిలబడనివ్వలేదు. కానీ దానిలోనే ఇంకో సంగతి ఉంది, మీరెందుకో దాన్ని గోడకెక్కించరు. 6 శాతాన్ని 43 శాతం చేసింది ఏమిటి? నినాదం కాదు. తల్లులకు ఉపన్యాసం కాదు. ఆసుపత్రి మనుషులకు ఇచ్చిన శిక్షణ, వాళ్లు తల్లి పక్కన కూర్చున్న సమయం. మీ చేతిలో ఉన్నది అదే.

తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయని 2019–21 మధ్య జరిగిన ఐదో సర్వే చెబుతోంది. పుట్టిన గంటలో తల్లిపాలు తాగిన పిల్లలు మాత్రం నూటికి 37 మంది. మంత్రసాని లేదని, రోడ్డు లేదని, మూఢనమ్మకమని అనడానికి వీల్లేదు. బిడ్డ మీ చేతుల్లోనే పుట్టింది, ఆ గంట మీ చేతుల్లోనే పోయింది. అదే రాష్ట్రంలో కాన్పుల్లో 60 శాతం పైన సిజేరియన్లు, ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81 శాతం పైన. సిజేరియన్ అవసరమా కాదా అన్న గొడవ ఇప్పుడు పెట్టుకోను, అది ఇంకో ఉత్తరం. చేసేటప్పుడు థియేటర్లోనే, కుట్లు వేస్తుండగానే, బిడ్డను తల్లి గుండెల మీద పడుకోబెట్టండి. దానికి కొత్త యంత్రం అక్కర్లేదు, పట్టుకుని నిలబడే ఒక మనిషి కావాలి.

రాత్రి డ్యూటీలో పాలు పట్టించే పని తెలిసిన ఒక్క సిస్టర్‌ను, ఆ పనికే, వేరే పని చెప్పకుండా ఉంచండి. డాక్టరు కారణం రాసి సంతకం పెట్టనిదే వార్డులోకి డబ్బా రాకూడదు. నెలలు నిండని బిడ్డలుంటారు, నిజంగానే రక్తంలో చక్కెర పడిపోయే బిడ్డలుంటారు, ఇవ్వలేని తల్లులుంటారు. వాళ్లకు డబ్బా మందులాంటిది, మందులాగే రాసివ్వండి, సిగ్గుపడేలా చేయకండి. పిండిన పాలు పట్టవలసి వస్తే సీసా ఎందుకు? మా అమ్మమ్మ ఇంట్లో వెండి ఉగ్గుగిన్నె ఉండేది, ముక్కు సన్నగా, చివర కాస్త వంగి. ఇప్పుడు నవజాత శిశువుల వార్డుల్లో దాన్నే తమిళ పేరుతో "పలాడై" అంటున్నారు. పేరు ఏదైతేనేం, ముప్ఫై మిల్లీలీటర్లు దానితో పట్టి ఉంటే మా పాప పీక మరిగేది కాదు. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో "ధాత్రి" పేరుతో తల్లిపాల బ్యాంకు నడుస్తోంది. సర్కారు ఆసుపత్రి చేయగలిగిన పనిని మార్బుల్ గచ్చు పరిచిన మీరు చేయలేరా?

మీ దగ్గర పనిచేసే సిస్టర్ల గురించి కూడా ఒక మాట. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో వచ్చిన సవరణ మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. 50 మంది, అంతకు పైన పనిచేసే చోట పిల్లల సంరక్షణ గది ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చు. మీ ఆసుపత్రిలో ఆ గది ఏ అంతస్తులో ఉందో ఎవరైనా చూపించగలరా? ఆ రాత్రి మా గదికి వచ్చిన పిల్ల రేపు తల్లి అయితే, పద్నాలుగు గదుల మధ్య తన పాలు ఏ బాత్రూములో పిండుకోవాలి?

పోస్టరు మాత్రం రేపే తీసేయవచ్చు, దానికి ఖర్చు లేదు. కొత్తది కావాలంటే ఇలా రాయించండి: "పాలు పట్టడం రాకపోతే బెల్లు నొక్కండి. రాత్రయినా వస్తాం." వస్తేనే రాయించండి.

మా అమ్మాయికి మళ్లీ ఏడో నెల. ఈసారి ఆసుపత్రిని నేను వెతుకుతున్నాను. ఫోన్ చేసి ఒక్కటే అడుగుతున్నాను: "రాత్రి రెండు గంటలకు బిడ్డకు పాలు పట్టించడానికి సాయం చేసే మనిషి మీ వార్డులో ఉంటారా?" ఇప్పటికి నాలుగు చోట్ల అడిగాను. ఒకరు గదుల అద్దెలు చెప్పారు. ఒకరు ప్యాకేజీలో బిడ్డ ఫొటోల ఆల్బం ఉచితమన్నారు. మూడో చోట, "అన్నీ చూసుకుంటాం మేడమ్" అని ఫోన్ పెట్టేశారు. నాలుగో చోట ఒక అమ్మాయి, "ఒక్క నిమిషం ఉండండమ్మా" అని ఎవరినో అడగడానికి వెళ్లింది. వెనక ఎవరి బిడ్డో ఏడుస్తున్నట్లు వినిపించింది. తిరిగి వచ్చి, "ఒక సిస్టర్ ఉంటారమ్మా, కానీ ఆమెకు ఆరు గదులుంటాయి. పిలిస్తే కాస్త ఆలస్యం కావచ్చు" అంది. ఆ ఆసుపత్రి పేరు, ఆ అమ్మాయి పేరు క్యాలెండరు వెనక రాసి పెట్టుకున్నాను. మిగతావాళ్లకు ఇంకా రెండు నెలలు గడువుంది.

ఇట్లు,
ఒక అమ్మమ్మ
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు